నోరు తిరగని పేరు

ముప్పై ఒక్కేళ్లుగా ఈ మైకు నాది.
ఎరువుల కొట్టు అమ్మేశాను గానీ
శీతాకాలం శనివారాలు దీన్ని మాత్రం వదల్లేదు.
ఉత్తర అయోవాలో మా చిన్న కాలేజీ జిమ్,
మడతబల్లల మీద మూడొందల మంది, పాప్‌కార్న్ వాసన.
స్కోరుబోర్డులో అవతలి జట్టు వైపు ఒక గీత వెలగదు,
వాళ్ల ఎనిమిది ఆరులా కనిపిస్తుంది.
బాగుచేయించమని ఎవరూ అడగలేదు.

ఒకప్పుడు పేర్లు తేలిక.
హాల్వర్సన్, టీయెన్, ఇంకో హాల్వర్సన్.
తండ్రులకి విత్తనాలు అమ్మినవాణ్ణి,
కొడుకుల పేర్లు నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి.
ఇప్పుడు మూడూళ్లకి కలిపి ఒకటే హైస్కూలు,
అందులో పొడుగ్గా ఎదిగినవాణ్ణి పెద్ద కాలేజీలు ముందే తన్నుకుపోతాయి.
అందుకని మా అసిస్టెంట్ కోచ్ డారెల్
అర్ధరాత్రి ఆఫీసులో, హీటర్ మీద సాక్సులు ఆరేసుకుని
ల్యాప్‌టాప్‌లో మసక వీడియోలు చూస్తుంటాడు.
ఎక్కడిదో కోర్టు, పెచ్చులూడిన గోడ,
ఫోన్ పట్టుకున్న మేనమామ చెయ్యి వణికి
బంతి రింగు దగ్గరికి వెళ్లేసరికి బొమ్మ పైకప్పు వైపు తిరిగింది.
"పడిందంటావా?" అన్నాడు.
"పడిందనే అనుకో."
ఆ అనుకోవడం మీద
సగం స్కాలర్‌షిప్పు రాసిచ్చాం.

కుతైసి నుంచి వచ్చాడు. జార్జియా, మన దక్షిణాది రాష్ట్రం కాదు,
ఆ సంగతి ఊరందరికీ విడివిడిగా చెప్పాల్సొచ్చింది.
ఆరడుగుల పది అంగుళాలు, ఆగస్టు ఉక్కలో ఉన్నికోటు.
పేరు తోర్నికె. అది ఎలాగో దారికొచ్చింది.
ఇంటిపేరు ఖిప్‌షిద్జె దగ్గర పడ్డాయి నా పాట్లు.
మొదటి అక్షరానికి గొంతు అడుగున ఒక తలుపు మూసి
ఠక్కున తెరవాలట.
నేను తెరిస్తే దగ్గొచ్చింది.
వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలకి నేర్పే కప్పమాట ఒకటి నేర్పాడు,
నీళ్లలో కప్ప బెకబెకమందని.
కోసేసిన మొక్కజొన్న చేల మధ్య ట్రక్కు నడుపుతూ
అక్టోబరంతా కప్పనయ్యాను.
మా ఆర్డిస్ డాక్టరుకి ఫోన్ చెయ్యబోయింది.

కాన్ఫరెన్స్ ఆటలు మొదలయ్యాయి.
జనవరిలో కార్లు స్టార్టు కావు, అయినా జనం వచ్చారు.
ప్రతి బుట్టకీ నేను తప్పు పలికాను,
ప్రతిసారీ వెనక్కి పరిగెడుతూ
వేలితో గొంతు చూపించేవాడు.

ఫిబ్రవరిలో ప్రెయిరీ ఫోర్క్స్ మీద ఆట.
గెలిస్తే టోర్నమెంటు, లేకపోతే ఇల్లు.
నలభై సెకన్లుండగా విజిల్.
ఐదో ఫౌలు.
పేరు చదవడం నా పని.
చదివాను.
తలుపు మూసుకుంది, తెరుచుకుంది,
అక్షరం నిఖార్సుగా బయటికొచ్చింది.
బెంచీ వైపు నడుస్తున్నవాడు ఆగిపోయాడు.
తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు,
నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు.

అరవై ఎనిమిది, అరవై ఆరుతో ఓడాం.
బోర్డు మీద అరవై ఆరు, అరవై ఆరు.
అదనపు సమయం ఉందనుకుని
పిల్లలు కొందరు కదలకుండా కూర్చున్నారు.
వాళ్లని లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఏప్రిల్లో పెద్ద కాలేజీ ఒకటి అతన్ని పిలిచింది.
డారెల్ తనే విమానాశ్రయానికి దింపివచ్చి
ఆ రాత్రి మళ్లీ హీటర్ ఆన్ చేశాడు.
తప్పు పట్టను. ఎదిగిన కాలికి చెప్పు మార్చాల్సిందే.

డిసెంబరులో వంటింటి టీవీలో కనిపించాడు.
పద్నాలుగు వేలమంది, బోర్డులో అన్ని గీతలూ వెలుగుతున్నాయి.
లక్షలు తీసుకునే అనౌన్సరు ఆ పేరుని
బండరాయిలా దొర్లించేశాడు.
ప్లేటు తుడుస్తూ సరిచేశాను, గట్టిగా.
"వాళ్లకి వినపడదు" అంది ఆర్డిస్.
తెర మీద అతని వెయ్యి గొంతు దాకా వెళ్లలేదు.

కొత్త జాబితా బల్ల మీదుంది.
ఏడోవాడు చెక్ దేశం నుంచి, వీత్ స్మ్‌ర్జ్.
ఇంటిపేరులో అచ్చు అన్నదే లేదు.
మంచినీళ్లు తాగి
మొదలుపెట్టాను.